ఈఏడీ ఫైలుకి స్టైల్‌షీట్ తగిలిస్తే పేజీ అంతా ఒకే ముద్దగా వస్తోంది

ప్రశ్న: కాగితాలకట్ట

చేత్తో రాసిన పాత ఈఏడీ 2002 (ఆర్కైవ్ సేకరణల వివరాలు రాసే ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతి) ఫైళ్ళని హెచ్‌టీఎమ్‌ఎల్‌గా మార్చడానికి సరిగ్గా పనిచేస్తున్న ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 స్టైల్‌షీట్ ఒకటి ఉంది. ఆర్కైవ్స్‌స్పేస్ అనే ఆర్కైవ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైండింగ్ ఎయిడ్ (సేకరణలో ఏమున్నాయో చెప్పే జాబితా) మీద దాన్నే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే కమాండ్ టూల్‌తో నడిపితే ఎర్రర్ ఒక్కటీ రాదు. కానీ వచ్చిన హెచ్‌టీఎమ్‌ఎల్‌లో శీర్షికల్లేవు, పట్టికల్లేవు. సేకరణ పేరు, తేదీలు, జీవిత వివరాలు, పెట్టె నంబర్లు అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా కనిపిస్తున్నాయి.

పాత ఫైళ్ళలో పైన డాక్‌టైప్ లైను ఉంది. కొత్త వాటిలో అది లేదు, రూట్ ట్యాగులో ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్ అంటూ పొడుగాటి విలువ ఉంది. తేడా అక్కడే అనిపించి స్టైల్‌షీట్ మొదట్లో ఆ విలువని రెండు రకాలుగానూ చేర్చాను: ప్రిఫిక్స్ లేకుండా ఒకటి, ‘ఈఏడీ’ అనే ప్రిఫిక్స్‌తో ఇంకొకటి. తర్వాత టెంప్లేట్ల మ్యాచ్‌లన్నిటికీ ఈఏడీ: తగిలించాను. పైభాగం దారికొచ్చింది. జాబితా భాగంలో మాత్రం సిరీస్ పేర్లు వస్తున్నాయి, వాటి కింద ఫోల్డర్లు రావట్లేదు. రెండు పెట్టెల్లో ఉన్న ఫైలుకి మొదటి పెట్టె నంబరే పడుతోంది. డిజిటల్ కాపీ లింకు నొక్కితే అదే పేజీ మళ్ళీ తెరుచుకుంటోంది. అన్నిటికన్నా వింత ఏంటంటే, మొదటి సిరీస్ నుంచి కింద పేజీ అంతా లింకు రంగులోకి మారిపోయింది. పాత ఫైళ్ళకి ఇది ఎప్పుడూ జరగలేదు.

స్టైల్‌షీట్‌లో అవుట్‌పుట్ లైను లేదు. కాంపొనెంట్లు సీ01, సీ02 అని నంబర్లతోనే ఉన్నాయి. ఎక్కడ వెతకాలి?


జవాబు: నేమ్‌స్పేస్‌నాని

ముద్ద ఎందుకు వస్తుందో ముందు చెప్తాను, మీ మిగతా ఇబ్బందుల్లో సగం దాని చుట్టాలే. ఒక ఎలిమెంట్‌కి మీరు రాసిన టెంప్లేట్ ఏదీ దొరక్కపోతే ప్రాసెసర్ ఆగిపోదు, తనలో ముందే ఉన్న నియమం వాడుతుంది. ఎలిమెంట్ అయితే లోపలికి దిగడం, టెక్స్ట్ కనిపిస్తే ఉన్నదున్నట్టు బయటికి రాయడం, అంతే ఆ నియమం. ఒక్క టెంప్లేటూ తగలకపోతే ఫైల్లోని అక్షరాలన్నీ ట్యాగులు ఊడిపోయి వరసగా బయటపడతాయి. ప్రాసెసర్ లెక్కలో తప్పేమీ జరగలేదు కాబట్టి ఎర్రరూ ఉండదు.

తగలకపోవడానికి కారణం మీరనుకున్నదే, నేమ్‌స్పేస్. అంటే ట్యాగు పేరు ఏ కుటుంబానిదో చెప్పే ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్‌ఎన్‌ఎస్ విలువ. ఈఏడీ 2002 రెండు రూపాల్లో తిరుగుతోంది. డీటీడీ (ఏ ట్యాగులు ఎక్కడ ఉండొచ్చో చెప్పే పాత తరహా నియమాల ఫైలు) రూపానికి నేమ్‌స్పేస్ లేదు. స్కీమా (అదే పని చేసే కొత్త తరహా ఫైలు) రూపానికి యూఆర్‌ఎన్:ఐఎస్‌బీఎన్:1-931666-22-9 అనేది ఉంది. 2015లో వచ్చిన ఈఏడీ3కి మళ్ళీ వేరొకటి. మనకి మూడింట్లోనూ యూనిట్‌టైటిల్ (శీర్షిక ట్యాగు) ఒకటే, ప్రాసెసర్‌కి అవి మూడు వేర్వేరు పేర్లు. స్టైల్‌షీట్ ముట్టుకునే ముందు ఎక్స్‌ఎమ్‌ఎల్‌లింట్ అనే టూల్‌కి ఎక్స్‌పాత్ (ఫైల్లో ఎలిమెంట్లని వెతికే దారి రాసే భాష) ఆప్షన్ ఇచ్చి నేమ్‌స్పేస్-యూఆర్‌ఐ(/*) అని అడగండి. ఖాళీ వస్తే డీటీడీ రూపం. విలువ వస్తే దాన్నే అక్షరం పొల్లుపోకుండా స్టైల్‌షీట్‌లోకి కాపీ చేయాలి. చివర్లో ఒక స్లాష్ ఎక్కువైనా తక్కువైనా మళ్ళీ ముద్దే.

ఇప్పుడు లింకు రంగు సంగతి. ప్రిఫిక్స్ లేకుండా చేర్చిన లైనే దానికి మూలం, దాన్ని తీసేయండి. దానివల్ల రావాల్సిన లాభం రాదు, ఎందుకంటే ఎక్స్‌పాత్ 1.0లో ప్రిఫిక్స్ లేని పేరంటే ఎప్పటికీ నేమ్‌స్పేస్ లేని పేరే. స్టైల్‌షీట్‌లో డిఫాల్ట్‌గా ఏది ప్రకటించినా మ్యాచ్‌లకీ సెలెక్ట్‌లకీ అది అంటదు. నష్టం మాత్రం వస్తుంది: మీరు టెంప్లేట్లలో నేరుగా రాసిన హెచ్‌టీఎమ్‌ఎల్, బాడీ, డివ్ ట్యాగులన్నీ ఈఏడీ నేమ్‌స్పేస్‌లోకి వెళ్ళిపోతాయి. అవుట్‌పుట్ లైను లేనప్పుడు, రాసే మొదటి ఎలిమెంట్ పేరు హెచ్‌టీఎమ్‌ఎల్ అయ్యుండి దానికి నేమ్‌స్పేస్ లేకపోతేనే ప్రాసెసర్ హెచ్‌టీఎమ్‌ఎల్ పద్ధతిలో రాస్తుంది. లేకపోతే ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతి. మీ పాత ఫైళ్ళకి మొదటిది, ఇప్పుడు రెండోది నడుస్తోంది. ఎక్స్‌ఎమ్‌ఎల్ పద్ధతిలో ఖాళీ యాంకర్ ట్యాగుని ఒకే ట్యాగుగా, చివర స్లాష్‌తో మూసేస్తారు. బ్రౌజర్ దాన్ని హెచ్‌టీఎమ్‌ఎల్‌గా చదువుతుంది కాబట్టి ఆ స్లాష్‌ని పట్టించుకోదు, యాంకర్ తెరుచుకునే ఉందనుకుంటుంది. అక్కణ్ణుంచి కిందదంతా లింకే. ఖాళీ డివ్ అయినా, ఖాళీ స్క్రిప్ట్ అయినా ఇంతే. స్క్రిప్ట్ అయితే ఇంకా ఘోరం, దాని కింద పేజీ అసలు కనపడదు.

చేయాల్సింది మూడు పనులు. ప్రిఫిక్స్ లేని ప్రకటన తీసేయడం. అవుట్‌పుట్ లైను రాసి మెథడ్ హెచ్‌టీఎమ్‌ఎల్, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఇవ్వడం. స్టైల్‌షీట్ రూట్‌లో ఎక్స్‌క్లూడ్-రిజల్ట్-ప్రిఫిక్సెస్‌కి ఈఏడీ అని ఇవ్వడం. మూడోది లేకపోతే పేజీ పాడవ్వదు గానీ, తయారైన హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఆ యూఆర్‌ఎన్ ఊరికే వేలాడుతూ ఉంటుంది.


జవాబు: పెట్టె-ఫోల్డర్

నాని గారు చెప్పినవి చేశాక కూడా ఫోల్డర్లు రావు, ఎందుకంటే మీరు మ్యాచ్‌లకి మాత్రమే ప్రిఫిక్స్ పెట్టారు. సీ01 టెంప్లేట్ లోపల ఫర్-ఈచ్ సెలెక్ట్‌లో ఇంకా ఉత్త సీ02 అనే ఉండి ఉంటుంది. అక్కడ ఏమీ దొరకదు, లూపు సున్నాసార్లు తిరుగుతుంది, ఎర్రర్ ఉండదు. మ్యాచ్ తప్పితే కనీసం ముద్దయినా కనిపిస్తుంది. సెలెక్ట్ తప్పితే సరుకు చప్పుడు లేకుండా మాయమవుతుంది. నా లెక్కలో రెండోదే ప్రమాదం, ఎందుకంటే పేజీ అందంగానే ఉంటుంది, లేనిదేంటో చూసేవాళ్ళకి తెలీదు.

కాబట్టి ప్రిఫిక్స్ ఎక్కడెక్కడ కావాలో మొత్తం వెతకండి: సెలెక్ట్, టెస్ట్, చదరపు కుండలీకరణాల లోపలి షరతులు, కీ నిర్వచనాల్లోని మ్యాచ్ యూజ్ రెండూ, కౌంట్ బ్రాకెట్‌లో ఉన్నది, సార్ట్ సెలెక్ట్, నంబర్ కౌంట్, స్ట్రిప్-స్పేస్ జాబితా, హెచ్‌టీఎమ్‌ఎల్ ఆట్రిబ్యూట్లలో మీసాల బ్రాకెట్ల మధ్య రాసిన ఎక్స్‌పాత్. దారిలో ప్రతి మెట్టుకీ విడిగా ఉండాలి: ఈఏడీ:డిడ్/ఈఏడీ:యూనిట్‌టైటిల్ (డిడ్ అంటే ఒక్కో అంశం ప్రాథమిక వివరాలుండే ట్యాగు). ముందొక్కచోట పెడితే చాలదు. ఆట్రిబ్యూట్లకి మాత్రం పెట్టకూడదు. @లెవెల్, @టైప్, @ఐడీ లాంటివి ఏ నేమ్‌స్పేస్‌లోనూ ఉండవు, @ఈఏడీ:లెవెల్ అని రాస్తే అది దొరకదు.

పని అయ్యాక కంటితో కాదు, లెక్కతో సరిచూసుకోండి. ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో డీఎస్‌సీ (జాబితా భాగం) కింద ఎన్ని డిడ్‌లు ఉన్నాయో కౌంట్ తీసి, హెచ్‌టీఎమ్‌ఎల్‌లో ఎన్ని వరసలు వచ్చాయో దానితో పోల్చండి. సమానం కాకపోతే ఏదో లెవెల్ జారిపోయింది.

నిజానికి పన్నెండు లెవెళ్ళకి పన్నెండు టెంప్లేట్లు పెట్టుకోవడమే వృథా. సీ, సీ01 నుంచి సీ12 దాకా అన్నిటినీ నిలువుగీతలతో కలిపి ఒకే టెంప్లేట్‌కి మ్యాచ్ చేయండి. అందులో డిడ్ చూపించి, నోట్లు చూపించి, చివర్లో పిల్ల కాంపొనెంట్ల మీద మళ్ళీ అప్లై-టెంప్లేట్స్ పిలవండి. పిల్లల్ని ఈఏడీ:*[ఈఏడీ:డిడ్] అని ఎంచుకుంటే చాలు, నంబరు పేర్లు రాయక్కర్లేదు. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు నంబర్లున్న కాంపొనెంట్లు కావాలనే ఆప్షన్ ఎవరో ఒకరు వదిలేస్తారు, అప్పుడు ఫైలంతా ఉత్త సీలతో వస్తుంది. అప్పుడూ ఇది పనిచేస్తుంది. ఎడమవైపు ఎంత జరపాలో సీఎస్‌ఎస్ క్లాస్ కోసం కౌంట్(యాన్సెస్టర్::ఈఏడీ:*[ఈఏడీ:డిడ్]) వాడుకోవచ్చు, కానీ సేకరణ మొత్తాన్ని పట్టి ఉంచే ఆర్క్‌డెస్క్‌కి కూడా డిడ్ ఉంటుంది కాబట్టి మొదటి లెవెల్‌కి సున్నా రాదు, 1 వస్తుంది.

పెట్టెల విషయం వేరు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0లో వేల్యూ-ఆఫ్‌కి నాలుగు నోడ్లు ఇచ్చినా మొదటిదే రాస్తుంది. 2.0లో అన్నీ రాస్తుంది, మధ్యలో ఖాళీ పెట్టి. రెండూ మీకు పనికిరావు. ‘4 12 7 3’ అని వస్తే ఏది పెట్టె, ఏది ఫోల్డరో ఎవరికి తెలుసు? ఈ ఎక్స్‌పోర్ట్‌లో పెట్టె కంటైనర్‌కి ఐడీ ఉంటుంది, దాని లోపలి ఫోల్డర్ కంటైనర్‌కి పేరెంట్ ఆట్రిబ్యూట్‌లో ఆ ఐడీ ఉంటుంది. ముందు ఈఏడీ:కంటైనర్[నాట్(@పేరెంట్)] మీద తిరగండి. ప్రతిదానికీ టైప్, విలువ రాసి, దాని ఐడీని వేరియబుల్‌లో పెట్టుకుని, @పేరెంట్ ఆ వేరియబుల్‌తో సమానమైన పక్క కంటైనర్ల మీద అదే టెంప్లేట్‌ని మళ్ళీ పిలవండి. మూడో లెవెల్ కంటైనర్ ఉన్నా అలాగే దిగుతుంది. చేత్తో రాసిన పాత ఫైళ్ళలో పేరెంట్ ఉండకపోవచ్చు. అప్పుడు అన్నీ మొదటి ఎంపికలోకే వచ్చి రాసిన వరసలోనే పడతాయి, కాబట్టి పాతవి చెడిపోవు.

ఇంకో జాగ్రత్త. కంటైనర్ లేబుల్ ఆట్రిబ్యూట్‌లో పెట్టె బార్‌కోడ్ చదరపు కుండలీకరణాల్లో కలిసి రావచ్చు. లేబుల్‌ని నేరుగా చూపిస్తే అది కూడా పాఠకుడికి కనిపిస్తుంది. సబ్‌స్ట్రింగ్-బిఫోర్‌తో కత్తిరించండి, కానీ ముందు కంటెయిన్స్‌తో ఆ కుండలీకరణం ఉందో లేదో చూడాలి. లేకుండా కత్తిరిస్తే సబ్‌స్ట్రింగ్-బిఫోర్ ఖాళీ ఇస్తుంది, బార్‌కోడ్ లేని పెట్టెల లేబుళ్ళు మొత్తం ఎగిరిపోతాయి.


జవాబు: నేమ్‌స్పేస్‌నాని

లింకులు మరిచిపోయాం. డీటీడీ రూపంలో, డిజిటల్ కాపీని చూపే డీఏఓ ట్యాగు మీద ఉత్త హెచ్‌రెఫ్ ఉంటుంది. స్కీమా రూపంలో అది ఎక్స్‌లింక్:హెచ్‌రెఫ్. మీ స్టైల్‌షీట్ ఇంకా @హెచ్‌రెఫ్ అడుగుతోంది, ఖాళీ వస్తోంది, ఖాళీ హెచ్‌రెఫ్ అంటే బ్రౌజర్‌కి ఇదే పేజీ. ఎక్స్‌లింక్ నేమ్‌స్పేస్‌ని కూడా ప్రకటించి @ఎక్స్‌లింక్:హెచ్‌రెఫ్ | @హెచ్‌రెఫ్ అని రాస్తే రెండు రకాల ఫైళ్ళకీ సరిపోతుంది. ఈఏడీ3లో ఎక్స్‌లింక్‌ని మళ్ళీ వదిలేశారు కాబట్టి ఆ రెండో సగం ముందు ముందు కూడా పనికొస్తుంది. విలువల్లోనూ తేడా ఉంది: డీటీడీలో ఆక్చుయేట్ (లింకు ఎప్పుడు తెరవాలో చెప్పే ఆట్రిబ్యూట్) విలువ ఆన్‌రిక్వెస్ట్ అంతా చిన్న అక్షరాల్లో, ఎక్స్‌లింక్‌లో మధ్య ఆర్ పెద్దది. దాన్ని పోల్చే షరతు ఏదైనా ఉంటే అది కూడా చూసుకోండి.

స్టైల్‌షీట్ మరీ పెద్దదై వందల చోట్ల ప్రిఫిక్స్ పెట్టే ఓపిక లేకపోతే ఇంకో దారి: ముందు ఇంకో చిన్న స్టైల్‌షీట్‌తో నేమ్‌స్పేస్ ఊడదీసి, తర్వాత పాతదాన్ని నడపడం. ప్రతి ఎలిమెంట్‌కీ ఎక్స్‌ఎస్‌ఎల్ ఎలిమెంట్ ఆదేశంతో లోకల్-నేమ్ ఇచ్చి కొత్తది తయారుచేయాలి. కాపీ ఆదేశం వాడితే నేమ్‌స్పేస్ వెంటే వస్తుంది, చేసిన పని వృథా. ఎక్స్‌లింక్ ఆట్రిబ్యూట్లలో హెచ్‌రెఫ్, షో, టైటిల్ వరకు ప్రిఫిక్స్ తీసి రాయండి. ఎక్స్‌లింక్:టైప్‌ని వదిలేయండి, టైప్ పేరుతో దాన్ని మామూలు ఆట్రిబ్యూట్‌గా మారిస్తే మిగతా షరతులతో తగువు.

సాక్సన్ (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0 చేయగల ఇంకో ప్రాసెసర్) నడపగలిగితే మూడో దారి. వెర్షన్ 2.0 అని మార్చి ఎక్స్‌పాత్-డిఫాల్ట్-నేమ్‌స్పేస్‌కి ఆ యూఆర్‌ఎన్ ఇస్తే పాత పేర్లన్నీ ప్రిఫిక్స్ లేకుండానే తగులుతాయి. కానీ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ 1.0 మాత్రమే చేస్తుంది, ఆ ఆట్రిబ్యూట్‌ని అది లెక్కచేయదు. పైగా పాత డీటీడీ ఫైళ్ళకి అదే స్టైల్‌షీట్ ఇక తగలదు. రెండు రకాల ఫైళ్ళూ ఉన్న చోట ఊడదీసే దారే నయమని నా అభిప్రాయం.


ప్రశ్న కొనసాగింపు: కాగితాలకట్ట

ఊడదీసే దారి పట్టాను. కౌంట్లు రెండూ సరిపోయాయి, రంగు పోయింది, లింకులు తెరుచుకుంటున్నాయి. మిగిలినవి ఇవి. యూనిట్‌టైటిల్‌లో ఎంఫ్ ట్యాగుతో ఉన్న గ్రంథాల పేర్లు వాలు అక్షరాల్లో రావట్లేదు, కొన్నిచోట్ల పక్క మాటతో అతుక్కుపోతున్నాయి. పాత ఫైళ్ళలో తేదీ రెండుసార్లు పడుతోంది, కొత్తవాటిలో ఒక్కసారే. ఇక సిబ్బంది కోసం రాసిన, ఆడియన్స్ ఇంటర్నల్ అని గుర్తున్న నోట్లు కూడా పేజీలో కనిపిస్తున్నాయి. వాటిని సీఎస్‌ఎస్‌తో దాచేయవచ్చా?


జవాబు: పెట్టె-ఫోల్డర్

సీఎస్‌ఎస్‌తో దాచడం వద్దే వద్దు. పేజీ సోర్స్ తెరిస్తే అంతా ఉంటుంది, సెర్చ్ ఇంజిన్ కూడా చదివేస్తుంది. దాత చిరునామా, విలువ అంచనా లాంటివి ఉండేది సరిగ్గా ఆ నోట్లలోనే. *[@ఆడియన్స్='ఇంటర్నల్'] అని మ్యాచ్ చేసే ఖాళీ టెంప్లేట్ రాసి ప్రయారిటీ 10 ఇవ్వండి. ప్రయారిటీ ఎందుకంటే, షరతు ఉన్న ప్యాటర్న్‌లన్నిటికీ సహజంగా 0.5 వస్తుంది. మీ దగ్గర సీ01[@లెవెల్='సిరీస్'] లాంటిది ఉంటే రెండూ సమానమై గొడవ పడతాయి.

అయినా ఒక కన్నం మిగులుతుంది. ఫర్-ఈచ్, వేల్యూ-ఆఫ్ టెంప్లేట్ల దారిన వెళ్ళవు. స్కోప్‌కంటెంట్ (సేకరణలో ఏముందో చెప్పే నోటు) మొత్తాన్ని వేల్యూ-ఆఫ్ చేస్తే దాని లోపలున్న ఇంటర్నల్ పేరా కూడా కలిసి బయటికొస్తుంది. మీకు ఊడదీసే మెట్టు ఎలాగూ ఉంది కదా, ఈ ఖాళీ టెంప్లేట్‌ని అక్కడే పెట్టండి. అప్పుడు రెండో స్టైల్‌షీట్‌కి ఆ నోట్లు చేరనే చేరవు. ఒకటి గుర్తుంచుకోండి, కాంపొనెంట్‌కే ఇంటర్నల్ గుర్తుంటే దాని కింద ఉన్నవన్నీ పోతాయి. మామూలుగా కావలసింది అదే, కానీ ముందు చేసిన కౌంట్ లెక్క ఇకనుంచి ఊడదీసిన ఫైలు మీద చేయాలి.

వాలు అక్షరాలకీ జబ్బు వేల్యూ-ఆఫే. అది లోపలి ట్యాగుల్ని పారేసి అక్షరాలు మాత్రమే ఇస్తుంది. యూనిట్‌టైటిల్ దగ్గర అప్లై-టెంప్లేట్స్ పెట్టి, ఎంఫ్‌కీ టైటిల్‌కీ రెండర్ ఆట్రిబ్యూట్‌ని బట్టి విడి టెంప్లేట్లు రాయండి. మాటలు అతుక్కోవడం మాత్రం స్ట్రిప్-స్పేస్ పని. నక్షత్రం గుర్తుతో అన్ని ఎలిమెంట్లకీ ఇచ్చి ఉంటారు. రెండు ఎంఫ్ ట్యాగుల మధ్య ఖాళీ తప్ప ఇంకేమీ లేకపోతే ఆ ఖాళీని అది మింగేస్తుంది. ప్రిజర్వ్-స్పేస్ జాబితాలో యూనిట్‌టైటిల్, పీ, టైటిల్, ఎంఫ్, యాబ్‌స్ట్రాక్ట్, ఫిజ్‌డెస్క్ చేర్చండి. అవుట్‌పుట్‌లో ఇండెంట్ ఎస్ అని ఉంటే దీనికి వ్యతిరేక జబ్బు వస్తుంది, కామాకి ముందు ఖాళీలు. దాన్ని నో చేయండి.

తేదీ రెండుసార్లు రావడానికి కారణం: ఈఏడీ 2002 యూనిట్‌డేట్‌ని యూనిట్‌టైటిల్ లోపలా రాయనిస్తుంది, పక్కనా రాయనిస్తుంది. చేత్తో రాసినవాళ్ళు లోపల పెట్టారు. మీ టెంప్లేట్ టైటిల్‌తో పాటు ఒకసారి, డిసెండెంట్ దారిలో వెతికి ఇంకోసారి రాస్తోంది. టైటిల్ తర్వాత డిడ్/యూనిట్‌డేట్‌ని మాత్రమే, అంటే నేరుగా పిల్లని మాత్రమే, అడగండి. కామా పెట్టేముందు టైటిల్ చివరి అక్షరం కామానా అని చూడాలి. 1.0లో ఎండ్స్-విత్ లేదు కాబట్టి నార్మలైజ్-స్పేస్ చేసిన టైటిల్ మీద సబ్‌స్ట్రింగ్(టైటిల్, స్ట్రింగ్-లెంగ్త్(టైటిల్)) తీసి పోల్చండి. టైప్ బల్క్ (ఎక్కువ కాగితాలు ఏ కాలానివో చెప్పేది) అని ఉన్న తేదీని వేరుగా చూపించండి, లేకపోతే రెండు తేదీల్లో ఏది దేనికో అర్థం కాదు.


జవాబు: సర్వర్‌సుబ్బు

ఆలస్యంగా చేరుతున్నాను, ఒక్క విషయానికే. ఈ ఫైళ్ళని ఎక్స్‌ఎమ్‌ఎల్‌గానే సర్వర్ మీద పెట్టి, పైన ఎక్స్‌ఎమ్‌ఎల్-స్టైల్‌షీట్ లైను రాసి, మార్పిడి బ్రౌజర్‌కి వదిలేసే ఆలోచన ఉంటే మానుకోండి. ఇంటర్నల్ నోట్లు ఎంత జాగ్రత్తగా తీసినా అసలు ఎక్స్‌ఎమ్‌ఎల్ పాఠకుడి చేతికే వెళ్తుంది. బ్రౌజర్లకి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 మాత్రమే వచ్చు, అదీ ఎంతకాలమో తెలిసిపోయింది: క్రోమ్ నుంచి దాన్ని తీసేస్తామని 2025లోనే ప్రకటించారు. డెస్క్ మీది ఫైలుని నేరుగా క్రోమ్‌లో తెరిస్తే భద్రతా నియమాల వల్ల ఇప్పటికే స్టైల్‌షీట్ లోడ్ కాదు, తెల్ల పేజీ వస్తుంది. చాలామంది అది స్టైల్‌షీట్ తప్పనుకుని గంటలు పోగొట్టుకుంటారు. సర్వర్ దగ్గరే హెచ్‌టీఎమ్‌ఎల్ చేసి పెట్టేయండి.

పాత డీటీడీ ఫైళ్ళని వరసగా నడిపేటప్పుడు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్‌కి నోనెట్ ఆప్షన్ ఇవ్వండి, లేకపోతే డాక్‌టైప్ లైన్లో ఉన్న చిరునామా నుంచి ఫైలు ఫైలుకీ డీటీడీ తెచ్చుకోవాలని చూస్తుంది. నోవాలిడ్ ఇస్తే డీటీడీని అసలు లోడ్ చేయదు, పని వేగంగా అవుతుంది, కానీ డీటీడీలో ప్రకటించిన ఎంటిటీలు (పేరు పెట్టి పిలిచే అక్షరాలు, పాఠ ముక్కలు), డిఫాల్ట్ ఆట్రిబ్యూట్లు కూడా రావు. అలాంటివి వాడిన ఫైళ్ళకి డీటీడీ కాపీ పక్కనే పెట్టుకోవడం మేలు. ఫైల్లో ఎన్‌బీఎస్‌పీ లాంటి హెచ్‌టీఎమ్‌ఎల్ ఎంటిటీ ఉండి ‘నిర్వచించలేదు’ అని ఆగిపోతే, దాని బదులు సంఖ్యా రూపం, 160, రాయండి.

పేజీలోపలి లింకులకి జెనరేట్-ఐడీ వాడుతుంటే అది కూడా మార్చండి. ఆ విలువ ఒక నడక లోపల మాత్రమే స్థిరం, తర్వాతిసారి నడిపితే మారిపోవచ్చు, ఎవరైనా దాచుకున్న లింకు తెగుతుంది. కాంపొనెంట్‌కి ఐడీ ఆట్రిబ్యూట్ ఉంటే అదే వాడి, లేనప్పుడు మాత్రమే జెనరేట్-ఐడీకి వెళ్ళండి.


ప్రశ్న కొనసాగింపు: కాగితాలకట్ట

సర్వర్ దగ్గరే మార్చే ఏర్పాటు ఉంది, నోనెట్ చేర్చాను. ఇంటర్నల్ నోట్లు మొదటి మెట్టులోనే పోతున్నాయి. ఎక్స్‌పోర్ట్‌లో ఈఏడీ3 అనే ఎంపిక కూడా కనిపిస్తోంది. ఊడదీసే మెట్టు ఉంది కాబట్టి దానికి కూడా ఇదే స్టైల్‌షీట్ పనిచేస్తుందా?


జవాబు: నేమ్‌స్పేస్‌నాని

పనిచేయదు. నేమ్‌స్పేస్ ఊడినా లోపలి కట్టడమే మారింది. ఈఏడీహెడర్ స్థానంలో కంట్రోల్ వచ్చింది, ఫైల్‌డెస్క్ దానిలోకి చేరింది, కాబట్టి పేజీ టైటిల్ తెచ్చే దారి తెగుతుంది. ఫ్రంట్‌మ్యాటర్ లేదు. కంటైనర్ మీద టైప్ లేదు, లోకల్‌టైప్ ఉంది, అంటే ‘పెట్టె’ అనే మాట ఎగిరిపోయి ఉత్త నంబరు మిగులుతుంది. పరిమాణం ఫిజ్‌డెస్క్‌స్ట్రక్చర్డ్ కింద క్వాంటిటీ, యూనిట్‌టైప్‌గా విడిపోయి రావచ్చు. తేదీ కూడా యూనిట్‌డేట్‌స్ట్రక్చర్డ్‌లో ఫ్రమ్‌డేట్, టుడేట్‌గా రావచ్చు, మధ్యలో గీత మీరే పెట్టాలి. పేర్లు, విషయ శీర్షికల లోపల పార్ట్ అనే ఎలిమెంట్లు ఉంటాయి. రెండు మూడు పార్ట్‌లున్న శీర్షికని అలాగే రాస్తే మాటలు కలిసిపోతాయి, పార్ట్‌ల మీద తిరిగి మధ్యలో రెండు హైఫన్లు పెట్టండి.

ప్రస్తుతానికి 2002 ఎక్స్‌పోర్ట్‌లోనే ఉండండి. మారాల్సి వస్తే ఊడదీసే మెట్టుని ముట్టుకోకుండా, రెండు మెట్లకీ మధ్య ఈఏడీ3ని 2002 పేర్లలోకి తిప్పే ఇంకో స్టైల్‌షీట్ పెట్టండి. కంటైనర్, తేదీ, పరిమాణం, పార్ట్‌లు, టైటిల్ దారి, ఈ అయిదూ తిప్పితే మీ పేజీలో చూపించే వాటిలో చాలావరకు వచ్చేస్తాయి.